అద్దం వెనుక తీగ

ఒహాయో రాష్ట్రంలో డేటన్ నగరానికి కొద్ది దూరాన మా మేనల్లుడి ఇల్లు. ఒక అక్టోబరు శనివారం ఉదయం అతని కారు ముందు సీట్లో ఒదిగి కూర్చుని, వెనుకచూపు అద్దం మీద వెలుగు పడేటట్టు టార్చిలైటు పట్టుకోవడం నాకు అప్పగించిన పని.

“ఇంకొంచెం పైకి, మామయ్యా” అంటూ అతను అద్దం కాడను కప్పి ఉన్న ప్లాస్టిక్ తొడుగును నెమ్మదిగా ఊడదీశాడు. లోపల సన్నని తీగల గుత్తి కనిపించింది. ఆ తీగలలో ఒకదాని నుంచి కాస్త విద్యుత్తు తీసుకొని, అరచేతిలో ఇమిడే ఒక నల్లని పెట్టెకు అందించాలి. ఆ పెట్టె పేరు రేడార్ డిటెక్టర్. దారిలో ఎక్కడో పోలీసులు రేడార్ పట్టుకొని వేగం కొలుస్తున్నారని ముందుగా హెచ్చరించే సాధనం. అనువాదం నా వృత్తి గనుక దానికి తెలుగు పేరు వెతికాను. ‘పసికట్టు పెట్టె’ అన్నాను. మేనల్లుడు నవ్వాడు.

వెనుక సీట్లో కూర్చున్న మా అక్క నవ్వలేదు. పదకొండేళ్ళ క్రితం విజయవాడ రోడ్డు మీద అదుపు తప్పిన వేగంతో ఎదురు వచ్చిన ఒక లారీ మా బావను పొట్టన పెట్టుకుంది. కొడుకు చేతిలోని ఆ పెట్టెను చూస్తూ ఆమె ఏమనుకుంటున్నదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

రెండు నెలల క్రితం అతనికి అతివేగానికి జరిమానా పడింది. “అందరూ పోయే వేగంతోనే పోతున్నాను, మామయ్యా. పట్టుకున్నది నన్నొక్కణ్ణే” అన్నాడు. జరిమానా కంటే, దాని మూలంగా కారు బీమాకు ఏటా కట్టే సొమ్ము పెరగడం అతన్ని ఎక్కువగా బాధించింది.

అతని ఫిర్యాదు కొత్తది కాదు. యుద్ధకాలంలో శత్రు విమానాలను కనిపెట్టిన రేడార్, 1940 దశకం చివరిలో కనెటికట్ రాష్ట్ర పోలీసుల చేతికి వచ్చి రోడ్డు మీద కాపు కాసింది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులను ఆపినప్పుడు అమెరికా పొదుపు బాట పట్టింది. 1974 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో దేశమంతటికీ గంటకు 55 మైళ్ళు, అంటే సుమారు 88 కిలోమీటర్లు, గరిష్ఠ వేగంగా నిర్ణయమైంది. విశాలమైన రహదారుల మీద అంతకంటె వేగంగా పోవడానికి అలవాటు పడినవారికి ఇది మింగుడు పడలేదు. డిటెక్టర్ల వ్యాపారం ఆ అసంతృప్తిలోనే వేళ్ళూనింది. ‘ఫజ్‌బస్టర్’ అనే తొలినాటి యంత్రం ఈ ఒహాయోలోనే తయారైంది. 1978లో, డేటన్‌కు దక్షిణాన ఉన్న సిన్సినాటి నుంచి ‘ఎస్కార్ట్’ అనే మరింత సునిశితమైన యంత్రం బజారులోకి వచ్చింది. 55 మైళ్ళ చట్టం 1995లో రద్దయినా డిటెక్టర్లు మాత్రం నిలిచిపోయాయి.

రేడార్ మీద జనానికి గల అపనమ్మకం పూర్తిగా నిరాధారమూ కాదు. 1979లో మయామీలో ఒక టెలివిజన్ విలేఖరి పోలీసు రేడార్‌ను పరీక్షించి చూపాడు. ఒక తాటిజాతి చెట్టు గంటకు 86 మైళ్ళ వేగంతో పరుగెత్తుతున్నదని అది లెక్క చెప్పింది! ఒక ఇల్లు 28 మైళ్ళ వేగంతో కదులుతున్నదట. ఈ గొడవ న్యాయస్థానానికి ఎక్కడంతో, రేడార్‌ను వాడే పోలీసులకు తగిన శిక్షణ అవసరమన్న సంగతి దేశమంతటికీ తెలిసివచ్చింది.

ఈ రేడార్ పనిచేసే సూత్రం సులభమైనదే. దగ్గరవుతున్న రైలు కూత కీచుగా, దూరమవుతున్న రైలు కూత బొంగురుగా వినిపించడం మనందరికీ అనుభవమే. 1842లో డాప్లర్ అనే శాస్త్రజ్ఞుడు వివరించిన ఈ ధర్మం రేడియో తరంగాలకూ వర్తిస్తుంది. పోలీసు తుపాకీ నుంచి సెకనుకు 2,415 కోట్ల స్పందనలతో వెలువడిన తరంగం, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎదురొస్తున్న కారుకు తగిలి తిరిగి వచ్చేసరికి సుమారు 4,500 స్పందనలు ఎక్కువవుతాయి. ఆ తేడాయే వేగాన్ని చెబుతుంది. తరంగం కారును తాకి వెనుకకు మరలి తుపాకీని చేరాలి. డిటెక్టర్‌కు వచ్చే దారి ఒక్కటే చాలు. కాబట్టి అది చాలా ముందుగానే దాని జాడ తెలుసుకోగలుగుతుంది.

అయితే ఎత్తుకు పైఎత్తు ఉండనే ఉంది. పోలీసు తన తుపాకీని నిద్రపుచ్చి, కారు దగ్గరకు వచ్చినప్పుడే మీట నొక్కితే, డిటెక్టర్ మోగేసరికి వేగం నమోదైపోయి ఉంటుంది. లేజర్ తుపాకీ కిరణమైతే 300 మీటర్ల దూరాన కూడా ఒక మీటరు వెడల్పే ఉంటుంది. దానికి చిక్కినవాడికి హెచ్చరిక వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా చాలా డిటెక్టర్లు తమలో పుట్టే తరంగాలను కొద్దిగా బయటికి వదులుతాయి. వాటిని పట్టుకొని డిటెక్టర్‌నే పసికట్టే యంత్రాలు పోలీసుల దగ్గర ఉన్నాయి. వర్జీనియాలోనూ, రాజధాని వాషింగ్టన్‌లోనూ వాటిని వాడడం నిషేధం. వాణిజ్య వాహనాలలో దేశమంతటా నిషేధం. ఒహాయోలో సొంత కారులో పెట్టుకోవడం చట్టసమ్మతమే.

ఇక అద్దం దగ్గరకు వద్దాం. సిగరెట్టు లైటరు రంధ్రంలో గుచ్చితే సరిపోయేదానికి ఇంత శ్రమ ఎందుకని అడిగాను. తీగ ముందు గాజు మీదుగా వేలాడుతూ చూపుకు అడ్డు వస్తుందన్నాడు. ఫ్యూజుల పెట్టె నుంచి తెచ్చుకోవచ్చు గాని, తీగ కారు ముందు స్తంభం వెంట పైకి రావాలి. చాలా కార్లలో ఆ స్తంభంలోనే ప్రమాద సమయంలో విచ్చుకొనే గాలిసంచి మడిచి ఉంటుంది. దానికి అడ్డంగా తీగ ఉంటే ప్రాణాలు కాపాడవలసిన సంచి సరిగా విచ్చుకోకపోవచ్చు. అద్దం దగ్గరైతే జానెడు తీగ చాలు.

వెనుక వచ్చే కార్ల దీపాల వెలుగు కళ్ళలో పడకుండా తనంతట తానే నల్లబడే అద్దాలకు విద్యుత్తు వస్తూ ఉంటుంది. ఆ గుత్తిలో సరైన తీగను ఎంచుకోవడంలోనే ఉంది నేర్పంతా. రంగులను నమ్మరాదు, అవి కంపెనీకో తీరుగా ఉంటాయి. మేనల్లుడు మీటరు తెచ్చి ఒక్కొక్క తీగనే పరీక్షించాడు. ఒక దానిలో తాళం తీసివేసినా 12 వోల్టులు ఉన్నాయి. అది పనికిరాదు. ఆంపియరులో మూడో వంతు చొప్పున రాత్రింబవళ్ళు లాగితే, వారం పాటు కదలని కారు బ్యాటరీ చచ్చి ఊరుకుంటుంది. మరొక తీగలో వెనుక గేరు వేసినప్పుడు మాత్రమే విద్యుత్తు వచ్చింది. కారు వెనుకకు నడిచేటప్పుడు అద్దం నల్లబడవద్దని చెప్పే తీగ అది. తాళం తిప్పితే వచ్చి, తీసిన కొన్ని నిమిషాలకు ఆగిపోయిన మూడవదే కావలసినది. తాళం తీసి, దానికి రెండు ఆంపియర్ల ఫ్యూజుతో కొత్త తీగను కలిపాడు. రెండవ కొసను ఎర్తు తీగకు జత చేశాడు. అద్దం వెనుకనే కారు కెమెరా ఉంది. అవసరమైతే తానే బ్రేకు వేసే ఏర్పాటుకు కన్ను అదే కనుక దానిని తాకకుండా జాగ్రత్తపడ్డాడు. తొడుగు మూసేశాక బయటికి తీగ ముక్కయినా కనిపించలేదు. గంటలో పని ముగిసింది.

తాళం తిప్పగానే పెట్టె కూసింది. పక్కన ఆగి ఉన్న కారు బంపరులోని చిన్న రేడార్‌ను చూసి పోలీసనుకుందట.

అప్పటిదాకా మౌనంగా ఉన్న అక్క అడిగింది: “పోలీసుంటే చెబుతుంది, సరే. మనం వచ్చే దారిలో పసుపుపచ్చ బోర్డు మీద జింక బొమ్మ ఉంది చూడు. ఆ జింక అడ్డం వస్తే చెబుతుందట్రా?”

“చెప్పదమ్మా.”

ఆమె ఇంకేమీ అనలేదు. అతను కూడా చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒక కాగితం తీసుకొని లెక్క కట్టసాగాడు. ఇంజనీరు కదా, అతనికి మాట కంటె అంకె మీద గురి. ఆ రహదారి మీద పరిమితి 70 మైళ్ళు, అంటే గంటకు సుమారు 112 కిలోమీటర్లు. ప్రమాదం కంటపడి కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒకటిన్నర సెకను అనుకుంటే, పొడి రోడ్డు మీద ఆ కారు ఆగడానికి సుమారు 116 మీటర్లు కావాలి. 130 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు 147 మీటర్లు కావాలి. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట, రెండవది ఇంకా గంటకు సుమారు 75 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతూ ఉంటుంది. ఆ చివరి అంకె కింద అతను రెండు గీతలు గీశాడు.

నాకు మరొక అంకె గుర్తుకు వచ్చింది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు. అందులో పదింట ఏడు వంతుల మరణాలకు అతివేగమే కారణం. బావ చనిపోయింది ఆ సంవత్సరం కాదు. కాని అటువంటి ప్రతి పట్టికలోనూ నాకు ఆయనే కనిపిస్తాడు.

మేనల్లుడు పెట్టెను పీకి పారవేశాడని రాస్తే కథ అందంగా ఉండేది. అలా జరగలేదు. డబ్బు పెట్టి కొన్నాడు, కష్టపడి బిగించాడు, ఉంచుకున్నాడు. అయితే ఆ యంత్రానికి ఉపగ్రహాల ద్వారా కారు వేగం తెలుస్తుంది. మనం పెట్టిన హద్దు దాటితే కూసే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఆ సాయంత్రం దాని పుస్తకం తిరగేసి, హద్దును 70 దగ్గర పెట్టాడు.

మరునాడు మేము సిన్సినాటికి బయలుదేరాం. దారిలో పెట్టె మూడుసార్లు కూసింది. రెండుసార్లు ఎవరి కారు రేడారో. మూడవసారి చుట్టూ ఏ రేడారూ లేదు; 71 మీద ఉన్నది మా కారే. అతను కాలు సడలించాడు. వెనుకచూపు అద్దంలో అక్క ముఖం నాకు కనిపిస్తూనే ఉంది. అప్పుడామె సీటుకు వెనుకకు ఆనుకొని, కళ్ళు మూసుకుంది.