విరేచనాలకు మందు పెరట్లో, మూలం మోరీలో

నిరుడు శ్రావణమాసంలో నిజామాబాద్ నుండి బోధన్ వెళ్ళి మా మేనత్త ఇంట పది దినములు ఉన్నాను. 1937లో వెలసి 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారం నీడన పెరిగిన ఊరది. గోడకు గోడ ఆనిన ఆ సందులో నడిచే దారి కంటె మోరీయే వెడల్పు.

పక్కింటి మూడేళ్ళ పసివానికి నీళ్ళ విరేచనాలు పట్టుకొన్నాయి. మేనత్త శొంఠి కలిపిన పలుచని మజ్జిగ ఇప్పించింది. తగ్గాయి. వారం తిరగకుండానే మళ్ళీ మొదలు. మరి మూడిళ్ళలోనూ ఇదే తంతు.

"మందు మార్చాలేమో అత్తమ్మా" అన్నాను.

"మందు కాదు బిడ్డా, నల్లా చూడు" అన్నదామె.

ఇళ్ళకు పోయే నల్లా గొట్టాలు మోరీలో మునిగి ఉన్నాయి. అతుకుల వద్ద తుప్పు. నీరు వచ్చునపుడు ఒత్తిడి వలన చిల్లి నుండి బయటికి చిమ్ముతుంది. సరఫరా ఆగగానే గొట్టం ఖాళీ అయి, అదే చిల్లి గుండా మోరీ నీటిని లోనికి పీల్చుకొంటుంది. మరునాడు మొదటి బిందెలో పడేది అదే. వంటకు పట్టే బిందె కూడ చాలా ఇళ్ళలో మొదటిదే!

వాయువు, జలం, దేశం, కాలం చెడినపుడు వేర్వేరు ప్రకృతులు గల జనులందరికీ ఒకేసారి ఒకే వ్యాధి కలుగునని చరకసంహిత విమానస్థానం, జనపదోద్ధ్వంసనీయ అధ్యాయం చెబుతున్నది. గృహవైద్య ప్రియులం (నాతో సహా) కషాయాల పుటలు తిరగవేసినంతగా ఈ అధ్యాయాన్ని తిరగవేయము.

విరేచనాలలో ప్రాణం తీసేది ఒంట్లోని నీరు, లవణాలు తరిగిపోవడమే. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినపుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు కలిపిన నీరు త్రాగించి ఎందరినో బ్రతికించారు. ప్రేగులలో చక్కెర ఉప్పును, దానితో నీటిని రక్తంలోనికి చేరవేస్తుంది. చక్కెర ఊరివారికే ఈ సంగతి తెలియకపోవడం చిత్రం! కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు తలకొట్టిన టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టాలి. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే అదే మేలు. కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, రక్తం పడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి.

సందులోని వారు చందాలు వేసుకొని గొట్టాలను మోరీకి పైగా, గోడ వెంట ఎత్తించారు. పూడిక తీయించి, ఆ బురదను ఒడ్డున కుప్ప వేయనీయక బండిలో పంపించారు. వానకు అది తిరిగి మోరీలోనికే జారుతుంది కదా! మొదటి రెండు బిందెలు ఇప్పుడు వాకిలి కడగడానికే. త్రాగే నీరు మరిగి తెర్లినాకనే దించుతున్నారు.

పసివాడు కోలుకొన్నాడు. ఎదురు సందులో మాత్రం గొట్టాలు ఇంకా మోరీలోనే ఉన్నాయి. అక్కడివారితో దసరాకు మాట్లాడతానని మేనత్త అన్నది.