పెద్ద గెలాక్సీల నడుమ ఖాళీ: కృష్ణబిలం తవ్విందే, పూడకుండా కాస్తున్నదీ అదే

గెలాక్సీ అనగానే చక్రంలా తిరిగే సర్పిలాకారం గుర్తుకొస్తుంది. మన పాలపుంత అలాంటిదే. కానీ విశ్వంలోని అతి భారీ గెలాక్సీల్లో ఎక్కువ భాగం కోడిగుడ్డు ఆకారంలో, చుట్టలు తిరిగిన చేతులేవీ లేకుండా కనిపిస్తాయి. ఇవే దీర్ఘవృత్తాకార గెలాక్సీలు. వీటిలోని నక్షత్రాలు చాలావరకు వయసు మళ్లినవి, ఎర్రటివి. కొత్తవి పుట్టడం దాదాపు ఆగిపోయింది. నక్షత్రాలకు ముడిసరుకైన వాయువు మాత్రం పెద్ద గెలాక్సీల చుట్టూ దండిగా ఉంది. సరుకుండీ ఉత్పత్తి ఎందుకు ఆగింది? జవాబు ఆ గెలాక్సీల నడిమధ్యలో దొరుకుతోంది.

బరువు తేలిన కృష్ణబిలం

సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, కన్యారాశి దిశలో ఎం87 అనే గెలాక్సీ ఉంది. 1918లో అమెరికాలోని లిక్ అబ్జర్వేటరీకి చెందిన హీబర్ కర్టిస్ దాని కేంద్రం నుంచి సూటిగా బయటికొస్తున్న ఒక సన్నని గీతను గమనించారు. అదేమిటో అప్పట్లో ఎవరికీ తెలియదు. కృష్ణబిలం పరిసరాల నుంచి కాంతి వేగానికి దగ్గరగా చిమ్ముకొస్తున్న జెట్ అని తర్వాత తేలింది. దాని పొడవు సుమారు 5,000 కాంతి సంవత్సరాలు.

ఆ కృష్ణబిలం ద్రవ్యరాశి ఎంతన్నది చాలాకాలం తెగని వివాదం. నక్షత్రాల వేగాలను బట్టి 2011లో ఒక బృందం 660 కోట్ల సూర్యులంత అని లెక్కకట్టింది. వాయువు వేగాలను బట్టి 2013లో మరో బృందం 350 కోట్లే అంది. 2019 ఏప్రిల్ 10న ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం విడుదల చేసిన తొలి కృష్ణబిలం చిత్రం ఆ తగవు తీర్చింది. చిత్రంలోని వలయం వెడల్పును బట్టి ద్రవ్యరాశి సుమారు 650 కోట్ల సూర్యులంత. అంటే నక్షత్రాల లెక్కే సరిపోయింది. చిత్రం తీయడానికి వీల్లేనంత దూరంలో ఉన్న దీర్ఘవృత్తాకార గెలాక్సీలను ఈ పద్ధతిలోనే తూచాలి కాబట్టి, ఈ తీర్పు ఒక్క ఎం87కే పరిమితం కాదు.

వడిసెల రాళ్లలా నక్షత్రాలు

గెలాక్సీ కేంద్రానికి దగ్గరయ్యే కొద్దీ నక్షత్రాల రద్దీ పెరుగుతూ పోవాలి. చిన్న దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లో జరిగేది అదే. కానీ 1990లలో హబుల్ టెలిస్కోప్ పరిశీలనల్లో పెద్దవాటి తీరు వేరని స్పష్టమైంది. వాటి వెలుగు కొంత దూరం వరకు పెరిగి, కేంద్రం దగ్గర దాదాపు చదునుగా మారిపోతుంది. ఎం87లో ఈ పలచబడిన ప్రాంతం కేంద్రం నుంచి వెయ్యి కాంతి సంవత్సరాలకు పైగా విస్తరించి ఉంది.

దీనికి బలమైన వివరణ ఇది. రెండు పెద్ద గెలాక్సీలు కలిసిపోయినప్పుడు వాటి కృష్ణబిలాలు కొత్త గెలాక్సీ మధ్యకు జారి, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. దగ్గరికొచ్చిన నక్షత్రాలను వడిసెల రాళ్లలా విసిరేస్తాయి. విసిరిన ప్రతిసారీ ఆ జంట కొంత శక్తి కోల్పోయి ఇంకాస్త దగ్గరవుతుంది. ఇలాంటి కృష్ణబిలాల జంటలు ఏర్పడతాయని బెగల్‌మన్, బ్లాండ్‌ఫర్డ్, రీస్ 1980లోనే ప్రతిపాదించారు. ఎన్‌జీసీ 1600 గెలాక్సీలో కూడా ఇలాంటి విశాలమైన ఖాళీ ఉంది. దాని నడుమ 1,700 కోట్ల సూర్యులంత కృష్ణబిలం ఉన్నట్లు 2016లో వెల్లడైంది.

అయితే ఆ ఖాళీ ఇంకా ఎందుకు మిగిలి ఉంది? చల్లని వాయువు అక్కడికి చేరి ఉంటే కొత్త నక్షత్రాలు పుట్టి అది ఎప్పుడో పూడిపోయేది. చిన్న దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లో నడిమధ్య అదనంగా కనిపించే వెలుగు అలా పుట్టిన నక్షత్రాలదేనని భావిస్తున్నారు. పెద్దవాటిలో వాయువు చల్లబడటం లేదు.

ఆరని వేడి

ఆ వాయువు ఉష్ణోగ్రత కోటి డిగ్రీల స్థాయిలో ఉంటుంది. అందుకే అది ఎక్స్‌రే కిరణాల్లో వెలుగుతుంది. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర ఎక్స్‌రే టెలిస్కోప్ ఈ వాయువులో పెద్ద పెద్ద బుడగలను చూపించింది. కృష్ణబిలం జెట్లు వాయువును పక్కకు నెట్టడం వల్ల ఏర్పడ్డ గుల్లలవి. ఎన్‌జీసీ 5813లో ఇలాంటివి మూడు జతలు, ఒకదాని వెలుపల ఒకటి ఉన్నాయి. అంటే అక్కడి కృష్ణబిలం వేర్వేరు కాలాల్లో కనీసం మూడుసార్లు విజృంభించింది.

ఇది గీజర్‌లోని థర్మోస్టాట్ లాంటి ఏర్పాటు. వాయువు చల్లబడితే కొంత కృష్ణబిలం వైపు జారుతుంది. జెట్లు రేగుతాయి. వాయువు మళ్లీ వేడెక్కి, మేత తగ్గి, జెట్లు నెమ్మదిస్తాయి. ఇందుకు పెద్ద మేత అక్కర్లేదు. ఎం87 కృష్ణబిలంలోకి ఇప్పుడు ఏడాదికి పడుతున్న పదార్థం సూర్యుడి ద్రవ్యరాశిలో వెయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటుందని అంచనా. దాని ఘటనా క్షితిజాన్ని ఒక అంచు నుంచి మరో అంచుకు కొలిస్తే సుమారు 3,800 కోట్ల కిలోమీటర్లు. ఆ దూరాన్ని కాంతి ఒకటిన్నర రోజులో దాటుతుంది. వేల కాంతి సంవత్సరాల దూరంలోని వాయువు భవిష్యత్తును తేలుస్తున్నది అంత చిన్న ప్రాంతం.

సన్నని జెట్ల శక్తి అన్ని దిక్కులా వాయువుకు ఎలా పంపిణీ అవుతోందన్నదే ఇప్పుడు పరిశోధకుల ముందున్న ప్రశ్న. పాత బుడగల్లోని ఎలక్ట్రాన్లు శక్తి కోల్పోయాక తక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగాల్లోనే కనిపిస్తాయి. పుణె సమీపంలోని ఖోడద్ వద్ద 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న జీఎంఆర్‌టీ టెలిస్కోప్‌కు ఇలాంటి తరంగాలే బలం. ఎన్‌జీసీ 5813 అధ్యయనంలోనూ దాని పరిశీలనలు ఉపయోగపడ్డాయి. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో నిర్మిస్తున్న స్క్వేర్ కిలోమీటర్ అరే ప్రాజెక్టులో చేరడానికి భారత ప్రభుత్వం రూ.1,250 కోట్లు మంజూరు చేసింది. ఇంకా పాతబడి మసకబారిన బుడగలు దానికి దొరికితే, ఈ గెలాక్సీల్లో నక్షత్రాల పుట్టుకను కృష్ణబిలాలు ఎంతకాలంగా ఆపుతున్నాయో లెక్క తేలుతుంది.