నంద్యాల నేల, ప్రపంచ సంత

దేశాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థలోకి తీసుకెళ్లిన ప్రధాని నంద్యాల ఎంపీ. మూడు దశాబ్దాలు గడిచాయి. ఈ నల్లరేగడి మీద పొద్దుతిరుగుడు, శనగ, సీడు పత్తి, సోనా వరి ఆ ఒప్పందంతో ఏం పొందాయి? ఏం పోగొట్టుకున్నాయి?

1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. ఆళ్లగడ్డ నాయకుడు గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి ఖాళీ చేసిన సీటులో ప్రధాని పీవీ నరసింహారావు నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న గౌరవంతో ఎన్టీ రామారావు తెలుగుదేశం అభ్యర్థిని పోటీకి దింపలేదు. పీవీ 5.8 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. దేశమంతా చెప్పుకున్న రికార్డు అది.

ఆ గెలుపుకు నాలుగు నెలల ముందు జూలైలో రూపాయి విలువ రెండు విడతలుగా తగ్గింది. విదేశీ చెల్లింపులకు డాలర్లు లేక రిజర్వు బ్యాంకు బంగారాన్ని విదేశాల్లో తాకట్టు పెట్టింది. జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టారు. లైసెన్సుల రాజ్యం సడలింది, దిగుమతి సుంకాలు తగ్గడం మొదలైంది. 1994 ఏప్రిల్ 15న మొరాకోలోని మరకేష్‌లో ప్రపంచ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది. ఆ రోజు దేశానికి ప్రధాని నంద్యాల, ఆళ్లగడ్డ ఓటర్లు పంపిన ఎంపీయే.

అందుకే ఆ నిర్ణయం లెక్క తేల్చడానికి ఈ నేలకు మించిన చోటు లేదు. ఈ లెక్కలో లాభం ఉంది, నష్టం ఉంది. పంట పంటకూ తరచి చూస్తే మాత్రం ఒకటే మాట పైకి తేలుతుంది. ప్రపంచ సంతలో చేరడం వల్ల రైతు చెడిపోలేదు. ఆ సంతకు గేటు ఎప్పుడు తీస్తారో, ఎప్పుడు మూస్తారో అతనికి ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్ల చెడిపోతున్నాడు.

పొద్దుతిరుగుడు ఎటు పోయింది?

తొంభైల తొలి ఏళ్లలో కర్నూలు జిల్లా నల్లరేగళ్లలో పొద్దుతిరుగుడు పెద్ద పంట. 1986లో మొదలైన నూనెగింజల టెక్నాలజీ మిషన్ విత్తనం, ధర, కొనుగోలు మూడూ చూసుకుంది. 1993-94 నాటికి దేశంలో పొద్దుతిరుగుడు సాగు 26 లక్షల హెక్టార్లు దాటింది. వంటనూనెలో దేశం దాదాపు స్వయంసమృద్ధి సాధించింది.

1994లో పామోలిన్ దిగుమతికి స్వేచ్ఛనిచ్చారు. మొదట 65 శాతం సుంకం వేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి అది 15 శాతానికి దిగింది. ఆ దశాబ్దం చివర్లోనే పొద్దుతిరుగుడుకు నెక్రోసిస్ తెగులు సోకింది. చిలకల బెడద ఎప్పుడూ ఉన్నదే. దిగుబడి పెరగలేదు, ధర నిలబడలేదు. ఇప్పుడు దేశం మొత్తం మీద ఈ పంట 3 లక్షల హెక్టార్ల లోపే. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా ఓడల్లో వస్తోంది. 2022-23లో ఆ బిల్లు 1.38 లక్షల కోట్ల రూపాయలు.

మన ఇళ్లకొచ్చే పొద్దుతిరుగుడు నూనెలో అధిక భాగం ఉక్రెయిన్, రష్యాలది. ఒకప్పుడు సర్కారు ప్రణాళిక కింద సమష్టి వ్యవసాయం చేసిన దేశాలవి. సోవియట్ యూనియన్ విడిపోయాక మార్కెట్ బాట పట్టి, ఉక్రెయిన్ 2008లో, రష్యా 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాయి. ఆ రెండూ కలిసి ప్రపంచ పొద్దుతిరుగుడు నూనెలో సగానికి పైగా తీస్తాయి. 2022 ఫిబ్రవరిలో అక్కడ యుద్ధం మొదలైతే ఇక్కడ లీటరు ప్యాకెట్ 200 రూపాయలకు ఎగబాకింది. ఆ రోజున మన పొలాల్లో ఆ పంట ఉండి ఉంటే నంద్యాల రైతుకు నాలుగు డబ్బులు మిగిలేవి, గృహిణికి అంత భారం తప్పేది.

దీనికి ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనే కారణమా? కాదు. పొద్దుతిరుగుడు నూనె మీద, పామాయిల్ మీద 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కు మన ఒప్పందంలోనే ఉంది. సోయా నూనెకు మాత్రం ప్రపంచ వాణిజ్య సంస్థకు ముందున్న గాట్ ఒప్పందం రోజుల్లో ఇచ్చిన మాట ప్రకారం 45 శాతం మించకూడదు. అంత హక్కు చేతిలో ఉండి కూడా ముడి పొద్దుతిరుగుడు నూనె మీద ప్రాథమిక సుంకాన్ని సున్నాకు దించారు. 2024 సెప్టెంబరులో 20 శాతం చేశారు. తొమ్మిది నెలలైనా తిరక్కుండానే, 2025 మే చివర్లో, 10 శాతానికి తగ్గించారు. ఈ ఊగిసలాట చూసి ఏ రైతు ధైర్యంగా ఈ విత్తనం వేస్తాడు?

శనగ సిరి, బఠాణీ పోటు

పొద్దుతిరుగుడు వదిలిన నేలను శనగ అందుకుంది. ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి రూపొందించిన జేజీ-11 రకం 1999లో విడుదలైంది. తక్కువ రోజుల్లో కోతకు వస్తుంది, ఎండు తెగులును తట్టుకుంటుంది. వానాకాలం చివర్లో నేల పట్టుకున్న పదునే ఆధారంగా పండే ఈ పంట కర్నూలు, ప్రకాశం, అనంతపురం, కడప జిల్లాల రూపు మార్చింది.

శనగ చేలోకి దిగితే ఒక సంగతి తెలుస్తుంది. ఆకుల మీద పులుపు ఉంటుంది. పొద్దున్నే మంచులో మొక్కలు పీకే కూలీల చేతులు ఆ పులుపుకు మండి, వేళ్లు పగులుతాయి. మొక్క పొట్టి, కాయలు నేలకు దగ్గర. అందుకని యంత్రంతో కోయడం కుదరదు. ఈ చిక్కును తీర్చింది నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమే. అక్కడ రూపుదిద్దుకున్న ఎన్‌బీఈజీ-47 రకం నిటారుగా ఎదుగుతుంది, కాయలు ఎత్తులో కాస్తాయి, కంబైన్ హార్వెస్టర్ సులువుగా కోస్తుంది. కోత కూలి తగ్గింది. ప్రపంచ ధరతో తూగగల రైతు తయారయ్యాడు.

తూకం మాత్రం అతని చేతిలో లేదు. 2017 నవంబరు నుంచి తేదీలు వరసగా చూడండి:

• 2017 నవంబరు: పసుపు బఠాణీ మీద 50 శాతం సుంకం
• 2018 మార్చి: శనగ మీద 60 శాతం
• 2023 డిసెంబరు: పసుపు బఠాణీ మీద సున్నా
• 2024 మే: దేశీ శనగ మీద సున్నా
• 2025 ఏప్రిల్: శనగ మీద 10 శాతం
• 2025 నవంబరు: పసుపు బఠాణీ మీద 30 శాతం

బఠాణీకీ శనగకూ ఏం సంబంధం అనుకోవచ్చు. సంబంధం పిండిలో ఉంది. బజ్జీల బండి దగ్గర్నుంచి మిఠాయి దుకాణం దాకా వాడే శనగపిండికి చవగ్గా దొరికే బఠాణీ పిండి పోటీ. కెనడా, రష్యాల నుంచి బఠాణీ దిగితే మిల్లరు శనగ కొనుగోలు తగ్గిస్తాడు. ఆస్ట్రేలియా నుంచి శనగే నేరుగా దిగితే ఇక చెప్పేదేముంది? 2024-25లో దేశం దాదాపు 73 లక్షల టన్నుల పప్పుధాన్యాలు దిగుమతి చేసుకుంది. అందులో 20 లక్షల టన్నులకు పైగా పసుపు బఠాణీయే.

2023 డిసెంబరులో బఠాణీకి సుంకం ఎత్తేసే నాటికి నంద్యాల చేలల్లో శనగ పూత మీద ఉంది. రైతు అక్టోబరు, నవంబరుల్లో విత్తేశాడు. కౌలు కట్టాడు, మందులు కొట్టాడు. ఇక వెనక్కి పోలేడు. ధర బాగాలేదని సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి, దాని మీద బ్యాంకు అప్పు తెచ్చుకుంటే అద్దె, వడ్డీ రెండూ పెరుగుతాయి. అలా ఏళ్ల తరబడి శనగ నిల్వ పెట్టి నలిగిపోయిన రైతులు రాయలసీమలో, ప్రకాశంలో ఎందరో ఉన్నారు.

సీడు పత్తి వరసల్లో

పత్తికి ప్రపంచ సంత కొత్తది కాదు. తెల్లదొరల కాలంలో ఈ ప్రాంతపు పత్తికి ‘నార్తర్న్స్’ అని వర్తక నామమే ఉండేది. 1906లో నంద్యాలలో పరిశోధన స్థానం వెలిసింది. తర్వాతి కాలంలో ‘నరసింహ’ లాంటి మేలైన రకాలు అక్కడ పుట్టాయి. ఆ గింజను రైతు దాచుకుని మళ్లీ విత్తుకోగలడు.

2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. అది హైబ్రిడ్. ఏటా కొనాల్సిందే. ఆ విత్తనం తయారయ్యే చోట్లలో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం ముఖ్యమైనది. సీడు పత్తి పనంతా చేతిపనే. సాయంత్రం పూట, మర్నాడు విచ్చబోయే మొగ్గను ఆడ వరసలో వెతికి పట్టుకోవాలి. బొటనవేలి గోరుతో రేకులు, పుప్పొడి తిత్తులు ఒలిచేయాలి. లోపలి కీలాగ్రం చితకకూడదు. గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద అద్దాలి. ఇలా నెలల తరబడి రోజుకు వందల మొగ్గలు.

ఈ పనికి చిన్న చేతులు, తక్కువ కూలి కావాలని బడి ఈడు ఆడపిల్లలను దించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సీడు చేలల్లో బాలకార్మికుల దుస్థితిని దావులూరి వెంకటేశ్వర్లు 2003 అధ్యయనం ప్రపంచం ముందు పెట్టింది. కంపెనీలు ఆర్గనైజరు అనే మధ్యవర్తి ద్వారా రైతుకు ఇచ్చే కొనుగోలు ధరలో పెద్దల కూలికి చోటు లేకపోవడమే దీని మూలమని అది తేల్చింది. ఆ తర్వాత అంతర్జాతీయ ఒత్తిడి పెరిగింది, కొన్ని కంపెనీలు తనిఖీలు పెట్టాయి. ప్రపంచ సంతతో కలవడం వల్ల ఆ అన్యాయం పెరిగింది. అదే సంతలో బయటపడింది కూడా.

రాష్ట్రం గట్టిగా నిలబడితే ఏం జరుగుతుందో కూడా పత్తే చూపించింది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్ 1,600 రూపాయలకు పైగా పలుకుతుంటే, 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్ తలుపు తట్టింది. అదే ఏడాది ధర 750 రూపాయలకు దిగింది. ప్రపంచ వాణిజ్య సంస్థ మేధాహక్కుల ఒప్పందానికి లోబడి దేశం 2001లో చేసిన చట్టంలోనూ రైతు తన విత్తనాన్ని దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే, బ్రాండు లేకుండా అమ్ముకునే హక్కు రాసి ఉంది. ఒప్పందాల్లో మనకు చోటు ఉంది. దాన్ని వాడుకునే తెగువే కావాలి.

సోనా బస్తా, బేనిషాన్ పండు, ఆళ్లగడ్డ శిల

కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద పండే సన్నబియ్యం ‘కర్నూలు సోనా’గా పేరు తెచ్చుకుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు వెతుక్కునేవి కూడా ఇలాంటి సోనా మసూరి బియ్యాలే. 2023 జూలై 20న కేంద్రం బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించగానే అక్కడి తెలుగువాళ్లు దుకాణాల ముందు వరస కట్టారు. కొన్ని చోట్ల ఇంటికి ఒక బస్తాయే అన్నారు. నిషేధం 2024 సెప్టెంబరు దాకా సాగింది. శనగ ధర పెరిగితే దిగుమతికి గేటు తెరిచారు. బియ్యం ధర పెరిగితే ఎగుమతికి గేటు మూశారు. రెండు సార్లూ నష్టపోయింది పండించినవాడే.

మేలు జరిగిన చోట్లూ ఉన్నాయి. భౌగోళిక గుర్తింపు చట్టం ఆ మేధాహక్కుల ఒప్పందం పుణ్యమే. 1999లో చట్టమైంది, 2003లో అమల్లోకి వచ్చింది. దాని కింద 2017లో బేనిషాన్ అని పిలిచే బనగానపల్లె మామిడికి గుర్తింపు దక్కింది. తరతరాలుగా కృష్ణశిలను దేవతామూర్తులుగా మలుస్తున్న ఆళ్లగడ్డ శిల్పుల పనికీ ఆ గుర్తింపు ఉంది. విదేశాల్లో కట్టే ఆలయాలకూ ఆళ్లగడ్డ విగ్రహాలు వెళ్తుంటాయి. ఏ సుంకం మార్పూ వీళ్ల పనిని ఒక్క రాత్రిలో చవక చేయలేదు. ఊరి పేరే సరుకు విలువ అయినప్పుడు సంత పెరిగేకొద్దీ లాభమే. కాకపోతే సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. ప్యాకింగు, ఎగుమతి పరీక్షలు, నకిలీల మీద నిఘా వెంట రావాలి.

ఆలస్యంగా చేరినవాళ్ల వెల

1948లో గాట్ వ్యవస్థాపక దేశాల్లో భారత్ ఒకటి. అందుకని వ్యవసాయ సరుకుల మీద మన గరిష్ఠ సుంకాల సగటు 113 శాతం దాకా ఉంది. 2001లో చేరిన చైనా 16 శాతం లోపుకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఉక్రెయిన్‌కు దక్కింది 11 శాతమే. 2007లో చేరిన వియత్నాం కూడా కఠిన షరతులకే తల వంచింది. అయినా బియ్యం, కాఫీ, మిరియాలలో ప్రపంచ మార్కెట్‌ను పట్టింది. సుంకం గోడ తక్కువైనా పరిశోధన, నాణ్యత, రేవులు, నిలకడైన విధానం వాళ్లను నిలబెట్టాయి. మనకు గోడ ఎత్తు పెంచుకునే హక్కుంది. నిలకడ లేదు.

అందుకే నంద్యాల రైతు తరఫున అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. మద్దతు ధర ప్రకటించిన రోజే ఆ పంట దిగుమతి సుంకం కూడా ప్రకటించాలి. కోత ముగిసి మూడు నెలలు నిండేదాకా దాన్ని కదిలించకూడదు. 2025-26 సీజనుకు శనగ మద్దతు ధరను క్వింటాకు 5,650 రూపాయలుగా ప్రకటించారు. దిగుమతి సరుకు రేవులో మద్దతు ధర కంటే తక్కువకు దిగకుండా సుంకం లెక్క కట్టాలి. వినియోగదారుడికి ధర భారమైతే ప్రభుత్వం తన నిల్వలు తీయాలి, రేషన్‌లో పప్పు ఇవ్వాలి. ఆ ఖర్చు ఖజానాది కావాలి, రైతుది కాదు. సీడు పత్తి కొనుగోలు ధరలో పెద్దల కనీస కూలిని లెక్కగట్టి కలపాలి.

వీటిలో ఒక్కదానికీ ప్రపంచ వాణిజ్య సంస్థను వదిలి బయటికి రావాల్సిన పనిలేదు. ఆ సంస్థ కేంద్రమైన జెనీవాను అడగాల్సిన పనీ లేదు. అన్నీ మన ప్రభుత్వాల చేతుల్లో ఉన్నవే. లక్షల మెజారిటీ ఇచ్చి ఒక ప్రధానిని నిలబెట్టిన ఈ నియోజకవర్గానికి, అక్టోబరులో విత్తనం సంచి విప్పే ముందే సుంకం ఎంతో తెలుసుకునే హక్కు లేదంటే అది న్యాయం కాదు. నంద్యాల నుంచి పార్లమెంటుకు వెళ్లే ప్రతి సభ్యుడూ, పార్టీ ఏదైనా, మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.