మడమ విరిగిందని తుపాకీని వడ్రంగికి ఇవ్వొద్దు
పంట కాపలా తుపాకీ ఉన్న రైతులు తెలుసుకోవలసిన సంగతులు

మక్క కంకి పాలు పోసుకునే వేళకు అడవి పందులు చేన్లో దిగుతాయి. ఒక్క రాత్రి మంద తిరిగిందంటే తెల్లారేసరికి చేను పండుకుంటుంది. ఇంటింటికీ ఇంకుడు గుంతలు తవ్వుకుని పేరు తెచ్చుకున్న ఇబ్రహీంపూర్‌లో ఒక రైతు అన్న మాట ఇది: "నీళ్లనైతే నిలబెట్టుకున్నం సారూ, పందుల్ని నిలబెట్టుడే మా తోని అయితలేదు."

ఆయన ఇంట్లో తండ్రి కాలం నాటి భర్మారు తుపాకీ ఉంది. దాని కట్టె మడమ, అంటే భుజానికి ఆనించే బట్, పగిలింది. "వడ్రంగితోని కొత్తది చేయించి, మడత బందు పెట్టిస్తే బండి మీద తీసుకుపోను అల్కగ ఉంటది. తప్పా?" అని అడిగాడు. తప్పే. అదీ చిన్న తప్పు కాదు. ఇలాంటి తుపాకీ ఉన్న ప్రతి రైతూ ఈ సంగతి తెలుసుకోవాలి.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో తుపాకులకు వర్తించేది 1959 నాటి ఆయుధాల చట్టం. ఇది కేంద్ర చట్టం. దీని కింద 2016లో కొత్త నిబంధనలు వచ్చాయి. 2019 డిసెంబరులో చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు.

చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారు చేయడానికే కాదు, మార్చడానికీ, మరమ్మతు చేయడానికీ లైసెన్సు ఉండాలి. తుపాకీ విడిభాగాలు కూడా చట్టం దృష్టిలో తుపాకీ కిందికే వస్తాయి. అంటే నాగలి చేసే వడ్రంగి, కొడవలి సాన పెట్టే కమ్మరి మీ తుపాకీ మీద చెయ్యి వేయకూడదు. పని ఎంత బాగా తెలిసినా సరే.

6వ సెక్షన్ ఇంకా గట్టిది. లైసెన్సు లేకుండా గొట్టం పొడవు కోసి తగ్గించకూడదు. ఒక రకం తుపాకీని ఇంకో రకంగా మార్చకూడదు. బొమ్మ తుపాకీని పేలేదిగా చేయకూడదు. 8వ సెక్షన్ ప్రకారం తుపాకీ మీద ఉన్న నంబరు, తయారీదారు పేరు చెరిపేయకూడదు. తుప్పు పట్టిందని గొట్టాన్ని రాపిడి పట్టించేటప్పుడు నంబరు అరిగిపోతే ఆ ఇబ్బంది మీకే.

5, 6 సెక్షన్లు మీరితే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 7 ఏళ్ల జైలు. యావజ్జీవం దాకా పడవచ్చు, జరిమానా అదనం. పని చేసినవాడి మీదే కాదు, చేయించినవాడి మీదా కేసు వస్తుంది. పందులు తిన్న మక్కలు మళ్లీ వేసుకోవచ్చు, పోయిన ఏడేళ్లు ఎవరిస్తారు?

20 అంగుళాల లెక్క

పంట కాపలాకు చట్టం ముందుగా చెప్పేది మూతి నుంచి మందు కూరే తుపాకీ గురించే. మన భర్మారు అదే. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి నమ్మకం కలిగితే నున్నటి గొట్టం ఉన్న వేరే తుపాకీకి అనుమతి ఇవ్వవచ్చు. దాని గొట్టం 20 అంగుళాలకు, అంటే సుమారు 51 సెంటీమీటర్లకు తగ్గకూడదు. మోయడానికి బరువుగా ఉందని నాలుగు అంగుళాలు కోయించారంటే, ఒక్క రంపపు కోతతో నేరంలో పడ్డట్టే.

సినిమాల్లో మడిచే తుపాకులు చూసి కొందరికి ఆశ పుడుతుంది. మన పిల్లలు ఎందరో ఉద్యోగాలు చేసుకుంటున్న అమెరికాలో తుపాకీ చట్టం రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. కాలిఫోర్నియాలో, మ్యాగజైన్ ఊడదీయగల సెమీ ఆటోమేటిక్ సెంటర్‌ఫైర్ రైఫిళ్లకు మడిచే మడమ ఉండటం నిషేధం. అందుకే అక్కడ అలాంటివి ఉన్నవాళ్లు మడమను మడవకుండా శాశ్వతంగా బిగించుకోవడమో, గట్టి మడమ వేసుకోవడమో చేస్తారు. మడిస్తే తుపాకీ పొట్టిదవుతుంది, బట్టల చాటున దాచవచ్చు. వాళ్ల భయం అదే.

మడమ విరిగితే ఏం చేయాలి?

లైసెన్సు పుస్తకం, తుపాకీ రెండూ తీసుకుని, మరమ్మతుకు లైసెన్సు ఉన్న డీలరు దగ్గరికే వెళ్లాలి. ఆయన లైసెన్సు చూపమని అడగండి, మొహమాటం వద్దు. పాత మడమ లాంటిదే వేయించుకోవాలి. రూపం మారే పని ఏదైనా ఉంటే ముందు లైసెన్సు ఇచ్చిన అధికారికి రాసి, జవాబు కాగితం మీద వచ్చాకే చేయించాలి. చేయించిన పనికి రసీదు తీసుకుని లైసెన్సుతో పాటు దాచుకోవాలి. లైసెన్సులో రాసిన తుపాకీ, మీ చేతిలోని తుపాకీ ఒక్కటే అని ఎప్పుడు చూసినా తేలాలి.

తండ్రి పోయాక తుపాకీ దూలానికి వేలాడుతుంటే

ఇబ్రహీంపూర్ రైతును చివరికి నేనొకటి అడిగాను, "లైసెన్సు ఎవరి పేరున ఉంది?" అని. తండ్రి పేరునే ఉందన్నాడు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. లైసెన్సుదారు చనిపోయినా, గడువు తీరినా ఆ తుపాకీని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించాలని 21వ సెక్షన్ చెబుతోంది. అప్పగించి రసీదు తీసుకుని, వారసులు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పగించకుండా ఇంట్లో ఉంచుకుంటే అది లైసెన్సు లేని తుపాకీయే. దానికి కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు.

ఇంకో మాట. తుపాకీ లైసెన్సు ఉంటే పందిని కాల్చవచ్చని కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి అధికారుల రాతపూర్వక అనుమతి వేరే ఉండాలి. అనుమతి వచ్చేదాకా మక్క చేను చుట్టూ ఆముదం సాళ్లు వేసుకోండి, సోలార్ కంచె పెట్టుకోండి. మెయిన్ లైను నుంచి కరెంటు తీగ మాత్రం లాగొద్దు. దానికి పంది, మనిషి అన్న తేడా తెలియదు.

ఈ రాత్రి కాపలాకు బయలుదేరే ముందు ఒక్కసారి లైసెన్సు పుస్తకం తీసి చూడండి. పేరు, గడువు, నంబరు మూడూ సరిగ్గా ఉంటేనే తుపాకీ ముట్టండి.