ఐసీయూలో వయసు లెక్క: ఎనభై దాటితే ఆశ లేనట్టేనా?

ఇంట్లో పెద్దవారిని ఐసీయూలో చేర్చాల్సి వస్తే కుటుంబంలో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ‘ఈ వయసులో ఇంకా ఎందుకు కష్టపెట్టడం’ అన్నది ఒకటి. ‘ఎంత ఖర్చయినా సరే, బతికించుకుందాం’ అన్నది రెండోది. రెండూ ప్రేమతో అనేవే. కానీ రెండింటిలోనూ అసలు ప్రశ్న మరుగున పడుతుంది. జబ్బు పడకముందు ఆ మనిషి ఎలా ఉన్నారు?

వయసు పెరిగేకొద్దీ ఐసీయూ నుంచి ప్రాణాలతో బయటపడే అవకాశం తగ్గుతుందన్నది నిజమే. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలకు ఉండే అదనపు శక్తి ఏళ్లు గడిచేకొద్దీ తరుగుతుంది. మామూలు రోజుల్లో ఆ లోటు తెలియదు. న్యుమోనియా, సెప్సిస్ వంటివి వచ్చినప్పుడు బయటపడుతుంది.

వయసు వాటా ఎంత?

రోగం తీవ్రతను అంచనా వేయడానికి ఐసీయూల్లో వాడే ‘అపాచీ-2’ స్కోరు 1985లో వచ్చింది. ఇందులో గరిష్ఠం 71 పాయింట్లు. 75 ఏళ్లు, ఆపైన ఉన్నవారికి వయసు కింద పడేవి 6 మాత్రమే. రక్తపోటు, ఆక్సిజన్, మూత్రపిండాల పనితీరు, స్పృహ వంటి వాటికి 60 దాకా ఉంటాయి. మిగిలిన 5 దీర్ఘకాలిక జబ్బులకు.

ఈ స్కోరులో కనిపించనిది ఒకటుంది. శరీరం మొత్తంగా ఎంత సడలిపోయిందన్నది. వైద్యులు దీన్ని ‘ఫ్రెయిల్టీ’ అంటారు. కెనడా వైద్యులు రూపొందించిన 9 మెట్ల కొలమానంలో 5, ఆపైన ఉంటే ఫ్రెయిల్టీ ఉన్నట్టు లెక్క. బజారుపని, డబ్బు వ్యవహారాలకు ఇతరుల సాయం కావలసివస్తే ఆ మెట్టు చేరినట్టే.

21 ఐరోపా దేశాల్లో 80 ఏళ్లు, ఆపైబడిన సుమారు 5,000 మంది ఐసీయూ రోగులపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. 30 రోజుల్లో దాదాపు మూడోవంతు మంది మరణించారు. అంటే మూడింట రెండొంతుల మంది బతికే ఉన్నారు. వయసు తేడాను లెక్కలోకి తీసుకున్నాక కూడా, ఫ్రెయిల్టీ ఉన్నవారికే ముప్పు ఎక్కువని తేలింది. అయితే, కోలుకోవడం కష్టమని వైద్యులు భావించిన వృద్ధుల్లో చాలామందిని అసలు ఐసీయూలో చేర్చుకోరన్నది గుర్తుంచుకోవాలి.

ఇంటికొచ్చాక

డిశ్చార్జితో గండం గడిచినట్టు కాదు. అమెరికాలో 65 ఏళ్లు దాటిన రోగులపై 2010లో వెలువడిన అధ్యయనంలో, ఐసీయూ నుంచి బయటపడి ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయిన వారిలో సుమారు 40 శాతం మంది మూడేళ్లలోపు చనిపోయారు. వెంటిలేటర్ మీద ఉండి వచ్చినవారికి మొదటి ఆరు నెలలు మరీ గడ్డుకాలం. మంచంపట్టిన కొద్ది రోజులకే కండ కరుగుతుంది. మతిమరుపు, దిగులు కూడా తోడవుతాయి. మన దగ్గర ఆ తర్వాతి ఫిజియోథెరపీ, తిండి, సేవ బాధ్యత ఎక్కువగా ఇంటివాళ్ల మీదే పడుతుంది.

అందుకే వైద్యుణ్ణి అడగాల్సింది ‘బతుకుతారా’ అని మాత్రమే కాదు. ‘లేచి తిరగగలరా, తనపని తాను చేసుకోగలరా, రెండు మూడు రోజుల చికిత్స తర్వాత మళ్లీ బేరీజు వేసుకోవచ్చా’ అని కూడా అడగాలి. రోగి ఇష్టం ముందే తెలిస్తే నిర్ణయం కొంత తేలికవుతుంది. ముందస్తు వీలునామాను సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ విధానాన్ని సులభతరం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధ్రువీకరించుకుంటే చాలు. ఆ మాట ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో మాట్లాడుకోవాలి.