చిత్రకోట్ చూడబోయే ముందు

వానాకాలం రాగానే జగదల్‌పూర్‌లో ఉన్న కుటుంబాలు ఒక్క ఆదివారమైనా చిత్రకోట్ జలపాతానికి బయలుదేరతాయి. మనలాంటి బదిలీ ఉద్యోగుల పిల్లలకు మరీ తొందర. ఊరు పూర్తిగా తెలిసేలోగా మళ్ళీ సామాను కట్టుకునే రోజు వచ్చేస్తుంది కదా! ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు చిన్నప్పటి నుంచి తెలిసిన జాగ్రత్తలు మనం అడిగి తెలుసుకోవలసిందే.

ఇంద్రావతి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, జగదల్‌పూర్ మీదుగా వచ్చి, చిత్రకోట్ దగ్గర సుమారు 95 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. చివరికి మన గోదావరిలోనే కలుస్తుంది. ఇక్కడ ఎండ కాస్తున్నా, ఎగువన కురిసిన వాన ఆలస్యంగా ఇక్కడికి చేరుతుంది. అందుకే ఆకాశాన్ని కాదు, నీటిని చూడాలి. నీరు ఎర్రబడినా, పుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ఫోటోల సంగతి మరచి ఒడ్డెక్కాలి. మోకాలి లోతే కదా అనుకోకూడదు. వేగంగా పారే నీరు ఆ లోతులోనే పెద్దవాళ్ళను కూడా పడదోస్తుంది. ఎవరైనా పడిపోతే వెనకాలే దూకవద్దు. ఒడ్డున బోర్లా పడుకుని కర్రో, చున్నీయో అందించాలి. పక్కవాళ్ళు 112కు ఫోన్ చేయాలి.

తీరథ్‌గఢ్‌లో భయం పాచితో. రాయి పొడిగానే కనిపిస్తుంది, కాలు పెట్టాకే తెలుస్తుంది. హవాయి చెప్పులు ఇంట్లోనే వదిలేయండి. దగ్గరలోని కుటుంసర్ గుహలోకి వానాకాలంలో నీరు చేరుతుంది కాబట్టి ఆ నెలల్లో దాన్ని మూసేస్తారు. అక్కడి గుడ్డి చేపలను చూడాలంటే చలికాలం దాకా ఆగాలి, గైడుతోనే వెళ్ళాలి.

ఈ రెండూ ఉన్న కాంగేర్ లోయ 1982 నుంచి జాతీయ ఉద్యానవనం. అక్కడ ఎలుగుబంట్లు ఉన్నాయి. వేసవి మొదట్లో ఇప్పపూలు రాలే వేళ, తెల్లవారుజామున చెట్ల కిందికి పూలు ఏరుకునే మనుషులూ వస్తారు, ఎలుగులూ వస్తాయి. ఎలుగుకు చూపు మందం. మనిషి హఠాత్తుగా ఎదురైతే బెదిరి మీద పడుతుంది. కాబట్టి మాట్లాడుకుంటూ నడవాలి (తరగతిలో తిట్లు తెచ్చిపెట్టే అలవాటు అడవిలో పనికొస్తుంది!). కనిపిస్తే పరుగెత్తకుండా మెల్లగా వెనక్కి జరగాలి.

పాము కరిస్తే సినిమాల్లో చూపించినట్టు కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం అన్నీ తప్పే. కరిచిన కాలు కదలనీయకుండా 108ని పిలిచి, వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు మందు అక్కడ ఉంటుంది. అడవి లోపల ఫోన్‌కు సిగ్నల్ అందకపోవచ్చు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఇంట్లో ముందే చెప్పి వెళ్ళండి.