ఆపరేటర్ ప్రదేశం – భౌతికార్థం: ద్రవ్యవేగం నిదర్శనంగా ఒక పరిశీలన

క్వాంటం యాంత్రిక శాస్త్ర బోధనలో ప్రతి పరిశీలనీయ రాశికీ ఒక హెర్మిషియన్ ఆపరేటర్ ఉంటుందని చెప్పడం పరిపాటి. పరిమిత పరిమాణ మాత్రికల వరకు ఈ నిర్వచనంలో లోపం లేదు. అనంత పరిమాణ హిల్బర్ట్ అంతరాళంలో మాత్రం ‘హెర్మిషియన్’ అనే ఒక్క పేరు కింద సౌష్ఠవం, స్వానుబంధత అనే రెండు వేర్వేరు భావనలు కలిసిపోతున్నాయి. వర్ణపట సిద్ధాంతం గానీ, కాలపరిణామానికి ఆధారమైన మార్షల్ స్టోన్ సిద్ధాంతం గానీ స్వానుబంధ ఆపరేటర్లకే వర్తిస్తాయి.

ఈ భేదానికి మూలం ఆపరేటర్ ప్రదేశంలో ఉంది. అంతరాళంలోని సదిశలన్నిటిపైనా నిర్వచితమైన సౌష్ఠవ ఆపరేటర్ తప్పనిసరిగా పరిబద్ధమవుతుందని 1910లో హెలింగర్, టెప్లిట్జ్ నిరూపించారు. ద్రవ్యవేగం పరిబద్ధం కాదు. కనుక అది ఏ ప్రమేయాలపై పనిచేస్తుందో ముందుగా నిర్దేశించక తప్పదు. సూత్రం ఒక్కటే ఆపరేటర్‌ను నిర్ణయించదు.

0 నుండి 1 వరకు గల రేఖాఖండాన్ని తీసుకుందాం. ప్లాంక్ స్థిరాంకాన్ని ప్రమాణాల ఎంపికతో తొలగిస్తే, ద్రవ్యవేగమంటే అవకలజాన్ని రుణ కల్పిత ఏకకంతో గుణించడమే. రెండు కొసల వద్దా శూన్యమయ్యే ప్రమేయాలను ప్రదేశంగా గ్రహిస్తే, విభాగ సమాకలనంలో సరిహద్దు పదం అదృశ్యమై సౌష్ఠవం సిద్ధిస్తుంది. అయితే ఈ ఆపరేటర్‌కు ఒక్క ఐగన్ విలువ కూడా లేదు. దాని అనుబంధ ఆపరేటర్‌పై సరిహద్దు నిబంధన ఏదీ ఉండదు కాబట్టి, ప్రతి సంకీర్ణ సంఖ్యా దానికి ఐగన్ విలువే! కొలతకు అందవలసిన రాశికి ఈ రెండు స్థితులూ తగవు.

పరిష్కారం ప్రదేశాన్ని కొంత విస్తరించడంలో ఉంది. ఒక కొస వద్ది విలువ రెండవ కొస వద్ది విలువకు నిర్ణీత దశా గుణకంతో సమానం కావాలని విధిస్తే స్వానుబంధత లభిస్తుంది. ఆ దశాకోణం థీటా అయితే ఐగన్ విలువలు థీటాకు 2π పూర్ణాంక గుణిజాలను కలుపగా వచ్చేవి. థీటా మారితే వర్ణపటమూ మారుతుంది. సూత్రం మాత్రం అదే. ఈ థీటా గణిత చమత్కారం మాత్రమే కాదు. కొసలు కలిపి వలయంగా చేస్తే, విద్యుదావేశం గల కణానికి అది వలయం గుండా సాగే అయస్కాంత అభివాహాన్ని సూచిస్తుంది. 1959లో అహరొనోవ్, బోమ్ ప్రతిపాదించిన ఫలితానికి ఇదే గణిత రూపం.

అర్ధరేఖపై పరిస్థితి మరింత కఠినం. 1930 ప్రాంతంలో వాన్ నాయ్‌మన్ రూపొందించిన ప్రమాణం ప్రకారం, అనుబంధ ఆపరేటర్‌కు ధన, రుణ కల్పిత ఏకకాలు ఐగన్ విలువలుగా ఎన్ని స్వతంత్ర సాధనలు ఉన్నాయో లెక్కించాలి. ఆ రెండు సంఖ్యలు సమానమైతేనే స్వానుబంధ విస్తరణ సాధ్యం. ఇక్కడ ఒక సాధన ఘాతీయంగా క్షీణిస్తుంది. రెండవది ఘాతీయంగా పెరిగి హిల్బర్ట్ అంతరాళానికి వెలుపలే నిలుస్తుంది. సంఖ్యలు 1, 0. అందుచేత అర్ధరేఖపై స్వానుబంధ ద్రవ్యవేగమే లేదు. భౌతికంగానూ ఇది సహజమే: తరంగాన్ని మూలబిందువు వైపు స్థానాంతరం చేస్తే సంభావ్యతలో కొంత భాగం నష్టం కాక తప్పదు. త్రిమితీయ గోళీయ నిరూపకాలలో తరచుగా వ్రాసే వ్యాసార్ధ ద్రవ్యవేగం, తరంగ ప్రమేయాన్ని వ్యాసార్ధంతో గుణించి చూస్తే, సరిగ్గా ఈ ఆపరేటరే. దానిని పరిశీలనీయ రాశిగా పేర్కొనడం సమంజసం కాదు.

గతిజ శక్తికి అర్ధరేఖపై ఈ అవరోధం లేదు. మూలబిందువు వద్ద ప్రమేయానికీ అవకలజానికీ గల నిష్పత్తిని ఎంచుకున్న కొద్దీ కొత్త విస్తరణ లభిస్తుంది. కూలుంబ్ పొటెన్షియల్ గల పరమాణు హామిల్టోనియన్ల విషయంలో అటువంటి ఎంపిక అవసరమే లేదని 1951లో తోషియో కాటో నిరూపించాడు. వ్యాసార్ధ వర్గానికి విలోమానుపాతంలో మారే పొటెన్షియల్‌కు ఆ సౌలభ్యం ఎల్లవేళలా ఉండదు. గతిజ పదం రెండవ అవకలజపు రుణ రూపంగా ఉన్న ప్రమాణాలలో, అర్ధరేఖపై దాని గుణకం 3/4 కంటే తక్కువైతే, మూలబిందువు వద్ద నిబంధనను పరిశోధకుడే వేరుగా నిర్దేశించాలి.